వెన్నులో స్టిమ్యులేటర్ ఉన్న గర్భిణికి కాన్పు నొప్పి ఎలా తగ్గిస్తారు?

వెన్నుపాము వెనక సన్నటి తీగ, నడుము దగ్గర చర్మం కింద చిన్న బ్యాటరీ అమర్చి, ఏళ్ళ తరబడి వదలని నరాల నొప్పిని కరెంటుతో తగ్గించే పరికరం స్పైనల్ కార్డ్ స్టిమ్యులేటర్. డిస్క్ ఆపరేషన్ అయినా కాలి నొప్పి తగ్గనివారికి, చిన్న దెబ్బ తగిలి మానిపోయాక కూడా చెయ్యో కాలో మండిపోతూ ఉండే సీఆర్‌పీఎస్ జబ్బు ఉన్నవారికి దీన్ని ఎక్కువగా పెడతారు. సీఆర్‌పీఎస్ మగవాళ్ళకంటే ఆడవాళ్ళకే ఎక్కువగా వస్తుంది. కాబట్టి పిల్లల్ని కనే వయసులో ఈ పరికరంతో ఉన్నవాళ్ళు తక్కువేమీ కాదు. అమెరికా, ఐరోపా దేశాల్లో ఇది స్థిరపడ్డ చికిత్స. మన దగ్గర పెద్ద నగరాల్లోని కొన్ని ఆస్పత్రుల్లో చేస్తున్నారు. ఖర్చు లక్షల్లో ఉండటంతో వేయించుకునేవాళ్ళు కొద్దిమందే.

ఇలాంటి స్త్రీ గర్భం దాల్చినప్పుడు ఇంట్లోవాళ్ళను, ఒక్కోసారి ఆస్పత్రి సిబ్బందిని కూడా రెండు సందేహాలు తికమక పెడతాయి. నొప్పి తగ్గించే యంత్రం ఒంట్లోనే ఉందిగా, పురిటి నొప్పులకూ అదే పనిచేస్తుందా అన్నది ఒకటి. వెన్నులో తీగ ఉంది కాబట్టి వెన్నుకు సూది వేయడం కుదరదేమో అన్నది రెండోది.

క్లుప్తంగా

స్టిమ్యులేటర్ పురిటి నొప్పిని తగ్గించదు. అలాగని ఎపిడ్యూరల్‌కు (నడుము దగ్గర వెన్నులో సన్న గొట్టం పెట్టి, కాన్పు నొప్పి తగ్గించే మందు వదలడం), సిజేరియన్ కోసం వేసే స్పైనల్ సూదికి అది దానంతటదే అడ్డంకి కూడా కాదు. తీగ ఏ వెన్నుపూసల మధ్య లోపలికి వెళ్ళింది, చర్మం కింద ఏ దారిన బ్యాటరీని చేరింది అన్నది ముందుగా తెలిస్తే చాలామందికి నడుము కింది భాగంలో సూది వేయడానికి చోటు దొరుకుతుంది. ఆ సమాచారం కాన్పు రోజున వెతికితే దొరకదు. గర్భంలో పరికరాన్ని ఆన్‌లో ఉంచాలా ఆఫ్ చేయాలా అన్నది తల్లి నొప్పి తీవ్రతను, వాడుతున్న మందులను బట్టి తేల్చాల్సిన విషయం.

ఆ కరెంటు ఏ నొప్పిని ఆపుతుంది?

తాకిడిని, ఒత్తిడిని మోసుకెళ్ళే లావు నరపోగులు చురుగ్గా ఉంటే, నొప్పిని మోసుకెళ్ళే సన్నపోగుల సందేశం వెన్నుపాములోనే బలహీనపడుతుందని 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ప్రతిపాదించారు. దెబ్బ తగిలిన చోటును వెంటనే రుద్దుకోవడం వెనక ఉన్నదీ ఈ సూత్రమే. దాన్ని ఆధారం చేసుకుని 1967లో అమెరికాలో నార్మన్ షీలీ అనే న్యూరోసర్జన్ క్యాన్సర్ నొప్పితో ఉన్న రోగికి మొదటి స్టిమ్యులేటర్ అమర్చారు. ఆ తర్వాత ఈ సిద్ధాంతంలో చాలా మార్పులు వచ్చాయి. పరికరం నొప్పిని తగ్గించే తీరు ఒక్క ఆ సూత్రంతో పూర్తిగా తేలదని ఇప్పుడు అందరూ ఒప్పుకుంటున్నారు.

ఇప్పటి పరికరంలో తీగ మందం సుమారు 1.3 మిల్లీమీటర్లు. కొసన సాధారణంగా 8 లోహపు కడియాలు ఉంటాయి, అవే ఎలక్ట్రోడ్లు. నడుము, కాళ్ళ నొప్పికైతే తీగ కొసను ఛాతీ వెనక టీ8 నుంచి టీ10 వెన్నుపూసల మట్టంలో (టీ అంటే ఛాతీ వెనకవి, ఎల్ అంటే నడుమువి, ఎస్ అంటే వాటి కిందివి, అంకె పైనుంచి కిందికి వరస), వెన్నుపాము పొరకు బయట ఉండే ఎపిడ్యూరల్ ఖాళీలో ఉంచుతారు. చేతి నొప్పికైతే మెడ దగ్గర ఉంచుతారు. పాత పద్ధతిలో సెకనుకు 40 నుంచి 100 సార్లు, కొన్ని మిల్లీయాంపియర్ల కరెంటు వెళుతుంది. నొప్పి ఉన్న చోట తిమ్మిరిలాగా జివ్వుమంటూ ఉంటుంది. సెకనుకు 10,000 సార్లు కరెంటు పంపే కొత్త రకాల్లో ఆ తిమ్మిరి తెలియదు.

పురిటి నొప్పి వేరే జాతికి చెందినది. మొదటి దశలో గర్భసంచి బిగుసుకుంటూ దాని ముఖద్వారం తెరుచుకునేటప్పుడు వచ్చే నొప్పి టీ10 నుంచి ఎల్1 వరకు ఉన్న నరాల గుండా వెళుతుంది. బిడ్డ కిందికి దిగి తల్లి ముక్కే దశలో యోని, మూత్రద్వారం చుట్టూ ఉన్న భాగాలు సాగడం వల్ల ఎస్2 నుంచి ఎస్4 నరాల నొప్పి దానికి తోడవుతుంది. స్టిమ్యులేటర్ బాగా పనిచేసేది దెబ్బతిన్న నరం తనంతట తాను పుట్టించే మంట, పోట్ల మీద. కండరం బిగుసుకోవడం వల్ల, చర్మం సాగడం వల్ల పుట్టే తాజా నొప్పి మీద దానికి పట్టు ఉండదు. తీగ టీ8 దగ్గర ఉన్నా, కరెంటు పెంచినా అంతే. పరికరం ఆన్‌లో ఉంచుకుని కాన్పు అయినవాళ్ళు కూడా పురిటి నొప్పులు మామూలుగానే వచ్చాయని చెప్పినట్టు వైద్య పత్రికల్లోని కేసు నివేదికలు చూపిస్తున్నాయి. కరెంటును బాగా పెంచితే మిగిలేది కాళ్ళలో, పొట్టలో కండరాలు అదరడమే.

మెడ దగ్గర తీగ ఉన్న స్త్రీకి నొప్పులు పడుతుండగా చేతి మంట తగ్గి ఉండటం ఎంతో ఊరట. అందుకని సహజ కాన్పులో పరికరాన్ని ఆన్‌లో ఉంచే వైద్యులూ ఉన్నారు. ఆ ఊరట పాత జబ్బుకే తప్ప పురిటి నొప్పికి కాదన్నది తల్లికి ముందే తెలియాలి. తెలియకపోతే దాని మీదే ఆశ పెట్టుకుని మిగతా ఏర్పాట్లు చేసుకోదు.

తొమ్మిది నెలలూ ఆన్‌లో ఉంచాలా?

తయారీ సంస్థల సూచన పత్రాలన్నీ గర్భిణుల్లో ఈ పరికరం భద్రత నిర్ధారణ కాలేదనే రాస్తాయి. హాని చేస్తుందని తేలిందని దాని అర్థం కాదు, గర్భిణుల మీద పరీక్షించలేదని అర్థం. ఇప్పటి వరకు వెలువడినవి విడి కేసులు, కొద్దిమంది గర్భిణుల చిన్న చిన్న జాబితాలు మాత్రమే. వాటిలో ఎక్కువమందికి ఆరోగ్యంగా ఉన్న బిడ్డలు పుట్టారు, పరికరానికి ముడిపెట్టదగ్గ ఒకే రకం అవకరం ఏదీ కనిపించలేదు. అయితే అరుదుగా జరిగే హానిని ఇంత తక్కువ సంఖ్య పట్టుకోలేదు.

శరీర నిర్మాణం ప్రకారం చూస్తే కరెంటు ఎక్కువ భాగం పక్కపక్కన ఉన్న ఎలక్ట్రోడ్ల మధ్యనే, వెన్నుపాము చుట్టూ ఉన్న ద్రవంలోనే తిరుగుతుంది. దూరం పెరిగే కొద్దీ వేగంగా బలహీనపడుతుంది. గర్భసంచి దగ్గరికి చేరేది చాలా స్వల్పం. పిండం అవయవాలు రూపుదిద్దుకునే మొదటి మూడు నెలల్లో ఆ స్వల్పం కూడా వద్దనుకునే వైద్యులు ఉన్నారు. రక్తనాళాల మీద స్టిమ్యులేషన్ ప్రభావం ఉంది కాబట్టి గర్భసంచికి వెళ్ళే రక్తం మారుతుందేమో అన్నది ఇంకో సందేహం. అది రుజువు కాలేదు.

ఇక్కడ అసలు పోలిక పరికరానికీ ఏ చికిత్సా లేకపోవడానికీ మధ్య కాదు, పరికరానికీ మందులకూ మధ్య. స్టిమ్యులేటర్ ఆఫ్ చేస్తే తిరగబెట్టే నొప్పికి ఇచ్చే మందుల పరిస్థితి ఇలా ఉంది. ప్రెగాబలిన్‌ను మొదటి మూడు నెలల్లో వాడినవారి పిల్లల్లో పెద్ద అవకరాలు నూటికి 6కు దగ్గరగా, వాడనివారిలో నూటికి 4కు దగ్గరగా కనిపించాయన్న నార్డిక్ దేశాల సమాచారంతో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2022లో హెచ్చరిక ఇచ్చింది. టోపిరమేట్‌తో గ్రహణ మొర్రి ముప్పు పెరుగుతుంది. కార్బమజపీన్‌తో వెన్నెముక సరిగా మూసుకోకపోయే ముప్పు ఉంది. వాల్‌ప్రోయేట్ గర్భిణులకు ఇవ్వకూడని మందు. ఐబుప్రొఫెన్, డైక్లోఫినాక్ లాంటివి 20 వారాలు దాటాక ఉమ్మనీరు తగ్గించవచ్చు, 30 వారాల తర్వాత బిడ్డ గుండె దగ్గరి ముఖ్యమైన రక్తనాళాన్ని ముందే మూసుకుపోయేలా చేయవచ్చు. ట్రమడాల్, మార్ఫిన్ తరహా మందులు నెలల తరబడి వాడితే పుట్టిన బిడ్డకు ఆ మందు అందక వణుకు, ఆగని ఏడుపు, పాలు సరిగా తాగకపోవడం లాంటి లక్షణాలు వస్తాయి.

అందువల్ల పరికరం వల్ల మందులు పూర్తిగా మానేసిన స్త్రీకి, దాన్ని ఆపించి మళ్ళీ మందుల్లోకి దించడం బిడ్డకు మేలు చేసినట్టు కాదు. నొప్పి భరించగలిగే స్థాయిలో ఉండి, ఆఫ్ చేసినా పారాసెటమాల్‌తో నెట్టుకు రాగలిగితే, కనీసం మొదటి మూడు నెలలైనా ఆపడం సబబు. ఏది చేసినా గర్భం రాకముందే, ప్రణాళిక వేసుకునేటప్పుడే తేలిస్తే మంచిది. గర్భిణికి కొత్తగా ఈ పరికరం అమర్చరు. అమర్చడానికి ఆపకుండా ఎక్స్‌రే చూస్తూ తీగను నడపాలి, ఆ కిరణాలు పొట్ట పక్కనుంచే వెళతాయి.

ఆఫ్ చేసినవాళ్ళు మరిచిపోయే విషయం ఒకటుంది. చార్జ్ చేసుకునే రకం బ్యాటరీ ఆఫ్‌లో ఉన్నా మెల్లగా ఖాళీ అవుతుంది. నెలల తరబడి పట్టించుకోకపోతే పూర్తిగా అడుగంటి, ఇంటి చార్జర్‌తో లేవదు. కొన్ని మోడళ్ళలో అలా రెండు మూడుసార్లు జరిగితే బ్యాటరీనే మార్చాలి. అది మళ్ళీ ఆపరేషన్. కాబట్టి స్టిమ్యులేషన్ ఆపినా, కంపెనీ చెప్పిన వ్యవధిలో చార్జింగ్ మాత్రం పెడుతూనే ఉండాలి.

పొట్ట పెరిగే కొద్దీ

బ్యాటరీని పిరుదు పైభాగంలోనో, నడుము పక్కనో, పొట్ట కింది భాగంలోనో అమరుస్తారు. గర్భంతో ఇబ్బంది ఎక్కువగా వచ్చేది పొట్టలో పెట్టినప్పుడే. చర్మం సాగే కొద్దీ జేబులాంటి ఆ చోటు బిగుసుకుని నొప్పి పుడుతుంది, తీగ మీద లాగుడు పడుతుంది. పిల్లల్ని కనాలనుకునే స్త్రీకి బ్యాటరీని పిరుదు పైభాగంలోనే పెట్టాలని వైద్యులు చెప్పేది ఇందుకే. అమర్చేముందు ఆ మాట అడగాల్సిన బాధ్యత డాక్టరుదే.

నెలలు నిండే కొద్దీ నడుము వంపు పెరుగుతుంది, బరువు పెరుగుతుంది, కణజాలానికి నీరు పడుతుంది. తీగ కొద్దిగా జరిగినా తిమ్మిరి పాదంలో రావాల్సింది పక్కటెముకల దగ్గర వస్తుంది. కూర్చున్నప్పుడు, పడుకున్నప్పుడు కరెంటు తీవ్రతలో తేడా ఎక్కువగా తెలుస్తుంది. ప్రోగ్రామ్ మార్చితే చాలాసార్లు సర్దుకుంటుంది. బ్యాటరీ మీద కణజాలం మందం రెండు రెండున్నర సెంటీమీటర్లు దాటితే చాలా మోడళ్ళలో చార్జర్ సరిగా అందుకోదు. పాదాలకు, నడుముకు వాపు ఉన్న ఎనిమిది, తొమ్మిది నెలల గర్భిణికి చార్జింగ్ గంటలు పెరగడానికి కారణం ఇదే.

అల్ట్రాసౌండ్ స్కానింగ్‌కు అడ్డు లేదు. ప్రోబ్‌ను నేరుగా బ్యాటరీ మీద మాత్రం ఆనించకూడదు. బిడ్డ గుండె చప్పుడు చూసే సీటీజీ బెల్టులు మామూలుగానే పనిచేస్తాయి. తల్లి ఈసీజీలో మాత్రం స్టిమ్యులేటర్ గీతలు పడి గుండె లయ తప్పినట్టు భ్రమ కలిగించవచ్చు. రికార్డు తీసే ఆ కాసేపు పరికరాన్ని ఆపితే గీతలు పోతాయి.

ఎపిడ్యూరల్ సూదికి నిజమైన అడ్డంకి

తీగ కొస టీ8 దగ్గర ఉంటే, ఎపిడ్యూరల్ వేసే ఎల్3, ఎల్4 దగ్గర ఏమీ లేనట్టే కదా అనిపిస్తుంది. తీగ మొత్తం పొడవు, అది లోపలికి వెళ్ళిన దారి చూస్తే కానీ ఇబ్బంది ఎక్కడుందో అర్థం కాదు.

సూదితో అమర్చే తీగను తోలు మీద ఎల్2 లేదా ఎల్3 దగ్గర చిన్న గాటు పెట్టి, 14 గేజ్ సూదితో (గేజ్ అంకె తగ్గే కొద్దీ సూది లావు) ఏటవాలుగా పైకి నడిపిస్తారు. ఆ సూది టీ12-ఎల్1 లేదా ఎల్1-ఎల్2 మధ్య ఎపిడ్యూరల్ ఖాళీలోకి చేరుతుంది. తీగ అక్కడి నుంచి పైకి టీ8 దాకా వెళుతుంది. బయటి కొసను గాటు దగ్గరే వీపు కండరం పైపొరకు ఒక చిన్న బిగింపుతో కుట్టేస్తారు. వంగినా లేచినా తీగ తెగకుండా అక్కడే చర్మం కింద ఒక చుట్టగా కొంత తీగను వదులుతారు. ఆ తర్వాత సొరంగంలా దారి చేసి బ్యాటరీ వరకు లాగుతారు.

అంటే మత్తు డాక్టరు సూదికి తగిలే అవకాశం ఉన్నవి మూడు: చర్మం కింది ఆ చుట్ట, కండరం మీది బిగింపు, బ్యాటరీ వైపు వెళ్ళే తీగ. ఎలక్ట్రోడ్లు దానికి చాలా పైన ఉంటాయి. ఎపిడ్యూరల్‌కు వాడే 16 లేదా 18 గేజ్ సూది కొస ఆ చుట్టను గీరితే పైపొర చిరుగుతుంది, లోపలి వైరు దెబ్బతింటే అతుకు వేయడం కుదరదు, తీగనే మార్చాలి. ఇంకా భయపడాల్సింది చీము. సూక్ష్మక్రిములు పరికరం మీదికి చేరితే యాంటీబయోటిక్‌తో పోవడం అరుదు, మొత్తం పరికరాన్ని తీసేయాల్సి వస్తుంది.

మెడ దగ్గర అమర్చిన తీగ పరిస్థితి నయం. అది ఛాతీ పైభాగంలో లోపలికి వెళుతుంది, నడుము దగ్గర ఎపిడ్యూరల్ ఖాళీ శుభ్రంగా ఉంటుంది. అయినా బ్యాటరీ పిరుదులో ఉంటే వైరు వీపు పక్కగా కిందికి దిగుతుంది, నడుమును ఎటువైపు దాటిందో చూసుకోవాలి. ఎముకలో చిన్న కిటికీ చేసి పెట్టే పలక రకం ఎలక్ట్రోడ్లకూ ఇదే వర్తిస్తుంది. నరం వెన్నుపూస నుంచి బయటికి వచ్చే చోట పెట్టే డీఆర్‌జీ స్టిమ్యులేటర్ వీటికి భిన్నం. దాని తీగలు ఎక్కువసార్లు నడుము మట్టంలోనే ఉంటాయి. వాటిని ఎపిడ్యూరల్ ఖాళీ లోపలే మెలిక తిప్పి వదులుతారు. ఆ మట్టంలో గుడ్డిగా సూది వేయడం ప్రమాదం.

సమాధానం మొత్తం పాత ఎక్స్‌రేల్లో ఉంది. అమర్చిన రోజు తీసిన ముందు వైపు, పక్క వైపు చిత్రాల్లో తీగ ప్రవేశం, చుట్ట, బ్యాటరీ అన్నీ కనిపిస్తాయి. ఆపరేషన్ నోట్‌లో వెన్నుపూస నంబర్లు ఉంటాయి. ఇవి చేతిలో ఉంటే గర్భిణికి కొత్తగా ఎక్స్‌రే అక్కర్లేదు. లేకపోతే గాటు మచ్చలను చూసి, అల్ట్రాసౌండ్‌తో వెన్నుపూసలు లెక్కపెట్టుకుని, చర్మం కింది తీగను వెతకవచ్చు. పని జరుగుతుంది కానీ అంత నమ్మకంగా కాదు.

దారి తెలిశాక చేసే పని ఇలా ఉంటుంది. ముందు పరికరాన్ని ఆఫ్ చేస్తారు. పాత మచ్చకు కింద, ఎల్3-ఎల్4 లేదా ఎల్4-ఎల్5 మధ్య చోటు ఎంచుకుంటారు. తీగ కుడివైపు దిగితే సూది నడిమధ్య గీత మీదో, కొద్దిగా ఎడమవైపో ఉంటుంది. మాస్కు, టోపీ, గౌను, స్పిరిట్ కలిసిన క్లోర్‌హెక్సిడిన్, అది పూర్తిగా ఆరే వరకు ఆగడం, వీటిలో ఏ ఒక్కటీ దాటవేయరాదు. కొందరు ముందుగా ఒక డోసు యాంటీబయోటిక్ కూడా ఇస్తారు. గొట్టాన్ని లోపల 3 నుంచి 5 సెంటీమీటర్లకు మించి తోయరు, అడ్డు తగిలితే బలవంతం చేయరు. మందు మామూలుదే: 0.1 శాతం బుపివకైన్, మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాముల ఫెంటానిల్.

ఇంత చేసినా ఒక వైఫల్యానికి సిద్ధంగా ఉండాలి. ఏళ్ళ తరబడి ఉన్న తీగ చుట్టూ శరీరం మచ్చ కణజాలం కడుతుంది. ఎపిడ్యూరల్ మందు పనిచేయాలంటే ఆ ఖాళీలో పైకి, కిందికి, రెండు పక్కలకు పాకాలి. పూడిక పడ్డ కాలువలో నీళ్ళు ఒక పక్కకే మళ్ళినట్టు, మచ్చ ఉన్న చోట మందు ఆగి, ఒక కాలు మొద్దుబారి రెండో వైపు నొప్పి అలాగే ఉండిపోవచ్చు. అంతకుముందు డిస్క్ ఆపరేషన్ అయినవారిలో, వెన్నుకు స్క్రూలు, రాడ్లు ఉన్నవారిలో ఈ అవకాశం ఇంకా ఎక్కువ. స్టిమ్యులేటర్ ఉన్నవారిలో చాలామందికి ఆ ఆపరేషన్ చరిత్ర ఉండనే ఉంటుంది. వాళ్ళకు తీగకంటే పాత మచ్చే పెద్ద సమస్య.

స్పైనల్ సూదికి ఈ ఇబ్బంది లేదు. అది పొరను దాటి లోపలి ద్రవంలోకే మందు వదులుతుంది, బయటి మచ్చతో సంబంధం లేదు. పైగా 25 నుంచి 27 గేజ్ సన్నటి సూది. అందుకే ఒకే చోట ముందు స్పైనల్ కొద్ది డోసు వేసి, వెంటనే ఎపిడ్యూరల్ గొట్టం వదిలే ఉమ్మడి పద్ధతిని కొందరు ఎంచుకుంటారు. అందులోనూ తర్వాతి గంటల భారం గొట్టం మీదే పడుతుంది, అది పాకకపోతే మొదటి ఊరట రెండు గంటలకు మించి నిలవదు.

పొరకు పొరపాటున లావు సూది గుచ్చుకుంటే వచ్చే తలనొప్పి ఎవరికైనా రావచ్చు. మామూలుగా దానికి తల్లి రక్తమే తీసి ఎపిడ్యూరల్ ఖాళీలో ఎక్కిస్తారు. తీగ ఉన్నవారికి ఆ పని చేయడానికి డాక్టర్లు వెనకాడతారు. రక్తం క్రిములకు మంచి ఆహారం, తీగ జరిగే అవకాశమూ ఉంది. అందుకని అనుభవం ఉన్న చేతితోనే సూది వేయించడం మేలు.

ఇదంతా 28 నుంచి 32 వారాల మధ్య మత్తు డాక్టరు గదిలో అరగంటలో తేలే విషయం. నొప్పులు మొదలయ్యాక అర్ధరాత్రి డ్యూటీ డాక్టరుకు వీపు మీద గాటు మాత్రమే కనిపిస్తుంది. ఏముందో తెలియని చోట సూది వేయనని ఆయన అనడం న్యాయమే. అప్పుడు ఆ తల్లికి నొప్పి తగ్గించే మంచి మార్గం చేజారుతుంది, ఆపరేషన్ అవసరమైతే పూర్తి మత్తు తప్పదు. ముందు చూపించుకోకపోవడం వల్ల జరిగే నష్టాల్లో ఇదే పెద్దది.

సిజేరియన్‌లో మారేది కాటరీ

స్టిమ్యులేటర్ ఉన్నంత మాత్రాన సిజేరియన్ చేయాల్సిన పని లేదు. అది ప్రసూతి కారణాల వల్లే నిర్ణయించాలి. అయితే 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లే. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 21.5. కాబట్టి ఇక్కడ కాన్పుకు సిద్ధమయ్యే ఎవరికైనా ఆపరేషన్ ఏర్పాటు ముందే ఆలోచించి ఉంచుకోవడం అవసరం.

మత్తు వైపు నుంచి పెద్ద తేడా లేదు. ఛాతీలో టీ4 మట్టం దాకా మొద్దుబారేలా 0.5 శాతం హెవీ బుపివకైన్ 2 మిల్లీలీటర్ల అటూఇటూ స్పైనల్‌గా వేస్తారు. తేడా రక్తస్రావం ఆపడానికి వాడే కరెంటు కత్తి, కాటరీ, దగ్గర వస్తుంది. మోనోపోలార్ కాటరీలో కరెంటు కత్తి మొన నుంచి ఒళ్ళంతా దాటి, తొడకో పిరుదుకో అంటించిన ప్లేటు ద్వారా బయటికి వెళుతుంది. ఆ దారిలో స్టిమ్యులేటర్ తీగ ఉంటే అది కరెంటును లాక్కుని, ఎలక్ట్రోడ్ల దగ్గర వెన్నుపాము పక్కనే వేడి పుట్టించగలదు. పరికరం ప్రోగ్రామ్ కూడా చెడిపోవచ్చు.

బైపోలార్ కాటరీలో కరెంటు రెండు మొనల మధ్యే తిరుగుతుంది, కాబట్టి అదే వాడాలి. మోనోపోలార్ తప్పదనుకుంటే పవర్ తగ్గించి, కొద్ది క్షణాల చొప్పున, ప్లేటును బ్యాటరీకి వీలైనంత దూరంగా వాడతారు. బ్యాటరీ కుడి పిరుదులో ఉంటే ప్లేటు ఎడమ తొడకు. బ్యాటరీ పొట్టలో ఉంటే సర్జన్ గాటు ఎక్కడ పెట్టాలో కూడా ముందే గీసుకోవాలి. ఆపరేషన్‌కు ముందు పరికరం తీవ్రతను సున్నాకు దించి, ఆ తర్వాతే ఆఫ్ చేస్తారు.

సూది అసలు కుదరకపోతే

కొందరికి నడుము మొత్తం స్క్రూలు, పాత మచ్చలతో నిండి ఉంటుంది, కొందరు సూది వద్దంటారు. వాళ్ళకు మిగిలే మార్గాలు ఇవి. సగం నైట్రస్ ఆక్సైడ్, సగం ఆక్సిజన్ కలిసిన ఎంటొనాక్స్‌ను నొప్పి మొదలవుతూనే పీల్చడం మొదలుపెట్టాలి. నొప్పి పైస్థాయికి చేరాక పీలిస్తే మందు పనిచేసే సరికి ఆ నొప్పి దాటిపోతుంది. మార్ఫిన్ తరహా మందును రక్తనాళంలోకి వదిలే రెమిఫెంటానిల్ పంపు దీనికంటే బలమైనది, కానీ ఊపిరి మందగించే ముప్పు ఉంది కాబట్టి తల్లి పక్కనుంచి కదలకుండా ఒక నర్సు, వేలికి ఆక్సిజన్ క్లిప్పు ఉండాలి. బిడ్డ దిగే దశకు వెన్నుతో సంబంధం లేకుండా, యోని చుట్టూ ఉన్న భాగాల నరాన్ని మొద్దుబార్చే ప్యుడెండల్ బ్లాక్ ఉంది. ఒక్కో వైపు సుమారు 10 మిల్లీలీటర్ల 1 శాతం లిగ్నోకైన్‌తో కుట్ల నొప్పి కూడా తగ్గుతుంది.

అంతకుముందు నుంచే ట్రమడాల్ లేదా మార్ఫిన్ తరహా మందులు రోజూ వాడుతున్న తల్లికి కాన్పు రోజునా ఆ డోసు ఆపకూడదు, ఆ పైన అదనపు మందు కావాలి. ఇలాంటివారికి పెంటజోసిన్ లేదా బ్యుటార్ఫనాల్ ఇంజెక్షన్ ఇస్తే ఉన్న మందు ప్రభావాన్ని తోసేసి ఒక్కసారిగా చెమటలు, వణుకు, వాంతులు తెస్తుంది. లేబర్ రూముల్లో ఈ ఇంజెక్షన్లు అలవాటుగా వాడే చోట్లు ఉన్నాయి. కేసు షీటు మొదటి పేజీలోనే ఈ విషయం రాయించాలి. బయట చర్మం మీద ప్యాడ్లు అంటించి కరెంటు పెట్టే టెన్స్ యంత్రాన్ని పరికరం ఉన్న చోట వాడకూడదు.

పుట్టింటికి వచ్చేవారికి, బాలింతలకు

అమెరికాలోనో బ్రిటన్‌లోనో పరికరం వేయించుకుని కాన్పుకు పుట్టింటికి వచ్చేవారికి చిక్కు వేరే ఉంది. ఆ మోడల్ సెట్టింగులు మార్చే ప్రోగ్రామర్ యంత్రం ఇక్కడి ఆస్పత్రిలో ఉండకపోవచ్చు. రోగి దగ్గర ఉండే రిమోట్, చార్జర్, దానికి తగిన ప్లగ్ అడాప్టర్, ఇంప్లాంట్ గుర్తింపు కార్డు, ఆపరేషన్ నోట్, ఎక్స్‌రేల కాపీ చేతి సంచిలోనే ఉండాలి. విమానాశ్రయం గేటు దాటేటప్పుడు కరెంటు ఒక్కసారి పెరిగినట్టు అనిపించవచ్చు కాబట్టి కార్డు చూపించి, ఆఫ్ చేసి దాటడం మంచిది. ఆఫ్ చేయడం ఎలాగో భర్తకో తల్లికో కూడా నేర్పించి ఉంచాలి. నొప్పుల మధ్య తల్లి రిమోట్ పట్టుకుని వెతుక్కునే స్థితిలో ఉండదు.

కాన్పు తర్వాత నడుము నొప్పి అనగానే వీధి చివర ఫిజియోథెరపీ సెంటరుకు వెళ్ళి 'కరెంటు పెట్టించుకోవడం' మన దగ్గర మామూలే. అక్కడి షార్ట్‌వేవ్ డయాథెర్మీ యంత్రం స్టిమ్యులేటర్ ఉన్నవారికి ఖచ్చితంగా నిషిద్ధం. పరికరం ఆఫ్‌లో ఉన్నా సరే. ఆ తరంగాల శక్తిని తీగ లోపలికి లాక్కుని ఎలక్ట్రోడ్ల చుట్టూ కణజాలాన్ని కాల్చేస్తుంది, శాశ్వతంగా కాళ్ళు చచ్చుబడే ప్రమాదం ఉంది. ఈ ఒక్క మాట ఇంట్లో అందరికీ తెలియాలి. నూనె పట్టించి ఒళ్ళు మర్దనా చేసేవాళ్ళకు బ్యాటరీ ఉన్న చోటు, వీపు మీది పాత గాటు చూపించాలి. అక్కడ బొటనవేళ్ళతో గట్టిగా నొక్కితే బ్యాటరీ జేబులో తిరగబడి చార్జింగ్ పట్టకుండా పోవచ్చు.

పరికరం కరెంటు పాలలోకి వచ్చేదేమీ కాదు. ఆన్‌లో ఉంచుకునే పాలివ్వవచ్చు. నడుము వంచి ఉయ్యాలలోంచి బిడ్డను ఎత్తేటప్పుడు తిమ్మిరి ఒక్కసారిగా పెరిగి కాలు జివ్వుమనే అవకాశం మాత్రం పాత పద్ధతి పరికరాల్లో ఉంది. మొదటి వారాల్లో తీవ్రత కొద్దిగా తగ్గించుకుని, కూర్చున్నాక బిడ్డను చేతికి అందించమనడం క్షేమం.

నెలల తరబడి ఆపి ఉంచిన పరికరాన్ని మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు పాత అంకె దగ్గరే ఆన్ చేయకూడదు. సున్నా నుంచి మెల్లగా పెంచుతూ రావాలి. తిమ్మిరి కొత్త చోట వస్తే, ఎంత పెంచినా ఏమీ తెలియకపోతే, ప్రోగ్రామర్‌తో ఒక్కో ఎలక్ట్రోడ్ ఇంపెడెన్స్, అంటే కరెంటుకు ఎంత అడ్డు ఉందో, చూస్తారు. అంకె చాలా ఎక్కువగా ఉంటే తీగ తెగినట్టో, జాయింటు ఊడినట్టో అనుమానించాలి. అంకెలు సరిగ్గానే ఉండి తిమ్మిరి చోటు మారితే తీగ జరిగినట్టు. అప్పుడు తీసే ఎక్స్‌రేను అమర్చిన రోజు ఎక్స్‌రే పక్కన పెట్టి చూస్తే ఎన్ని వెన్నుపూసలు దిగిందో తెలుస్తుంది.